సుమతి పద్యంలో ‘తన’ ఎవరు?

సందేహం: పిల్లలకు ‘తన కోపమె తన శత్రువు’ పద్యం చెబుతుంటే ఒకబ్బాయి లేచి, “తన అంటే ఎవరు సార్? ఎవరి కోపం?” అన్నాడు. క్లాసంతా నవ్వింది గానీ నాకు జవాబు తట్టలేదు. పైగా నాలుగు పాదాల్లో ఆరుసార్లు ‘తన’ రావడం పునరుక్తి (చెప్పిందే మళ్ళీ చెప్పడం) దోషం కాదా?
– ఒక తెలుగు ఉపాధ్యాయుడు, కందుకూరు

సమాధానం: మీ శిష్యుడి తప్పేం లేదు. “తను ఫోన్ చేసింది”, “తన బండి రిపేరు” అంటూ అతనికీ ఆమెకీ బదులు ‘తను’ వాడే మాటలే వాడి చెవిన రోజూ పడుతున్నాయి. మామూలుగా ‘తన’ వాక్యంలోని కర్తను పట్టుకుని ఉంటుంది: రాముడు తన పుస్తకం తెచ్చాడు. ఈ పద్యంలో అలాంటి కర్త లేడు. కర్త లేని ‘తన’ ఎవరికి వారికి వర్తిస్తుంది. ‘తనకు మాలిన ధర్మం’, ‘తానొకటి తలిస్తే దైవమొకటి తలచును’ అనేటప్పుడు ఆ తాను ఎవరని మనం అడుగుతున్నామా?

కథలో ఇలా కుదరదు. నెల్లూరి తిక్కన విరాటపర్వంలో కీచకుడి మోహం కీచకుడిదే. అక్క సుదేష్ణ వద్దన్నా వినలేదు. నర్తనశాలలో భీముడి చేతిలో ముద్దయ్యాడు, వెనకే ఉపకీచకులూ పోయారు. చదివి ‘తగిన శాస్తి జరిగింది’ అనుకుని పుస్తకం మూసేస్తాం. నీతిపద్యం ఆ వీలివ్వదు. అలాగని ‘నీ కోపమె నీ శత్రువు’ అంటే వినేవాడికి అక్కడే ఇంకో కోపం వస్తుంది! ‘తన’ అంటే వేలెత్తి చూపినట్టుండదు, తగలాల్సిన చోట తగులుతుంది.

ఇక పునరుక్తి. ఇది కందపద్యం, ప్రాస నకారం, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం నకారమే కావాలి. నాలుగు పాదాలూ ‘తన’తోనే మొదలవుతాయి. ప్రాస కోసం కవి అతికించాడనడం అన్యాయం. నకారప్రాసకు విను, కను, మన అని ఎన్ని లేవు? శత్రువును బయట వెతికేవాణ్ణి ప్రతి పాదంలోనూ వెనక్కి లాక్కురావడానికే ఆ ‘తన’. కొత్త ప్రయోజనం ఉన్నచోట పునరుక్తి దోషం కాదు. ‘తన దుఃఖమె నరకము’ అన్నది మాత్రం నిజంగా దుఃఖంలో ఉన్నవాళ్ళకు కాస్త కటువుగానే వినిపిస్తుంది.

మీరు అడగలేదు గానీ, పిల్లలు అడగొచ్చు: ‘దయ చుట్టంబౌ’ దగ్గర ‘తన’ ఎందుకు లేదు? అక్కడ మిగిలినవి రెండే గణాలు (పాదాన్ని విడగొట్టే తూగు ముక్కలు), ఎనిమిది మాత్రలు (పలికే కాలానికి కొలతలు). ‘దయ చుట్టంబౌ’తోనే అవి నిండిపోయాయి. పాదం మొదటి ‘త’కు ‘ద’తో యతీ (పాదం మొదటి అక్షరానికి నియమిత స్థానంలో సరిజోడు అక్షరం రావడం) కుదిరింది.