శంషాబాద్ నుంచి దుబాయ్ ఎన్ని గంటలు? ఇంటి గడియారంతో లెక్కపెట్టుకోండి

శంషాబాద్ నుంచి దుబాయ్ ఎంత దూరం, విమానంల ఎంతసేపు పడుతది అని అడిగిన్రు. గాలిల సుమారు 2,550 కిలోమీటర్లు. పోయేటప్పుడు దగ్గరదగ్గర 4 గంటలు, వచ్చేటప్పుడు మూడున్నర. పైన గాలి పడమటి నుంచి తూర్పుకు కొడుతది కాబట్టి ఎదురుగాలిల పోవుడు ఆలస్యం, వచ్చుడు తొందర. చలికాలంల ఈ తేడా ఇంకా బాగ తెలుస్తది.

అయితే ఈ లెక్క ఇంట్ల చెప్పి పోవద్దు. మాది కల్వకుర్తి దిక్కు. 2016ల మొదటిసారి పోయిన. టికెట్ మీద రాత్రి 9:40కి ఎక్కుడు, 12:10కి దిగుడు అని ఉన్నది. మా చెల్లె చూసి "రెండున్నర గంటలేనే అమ్మా" అన్నది. మాకు హైదరాబాద్ బస్సుకే అంత పడుతది, అమ్మ నిమ్మళపడ్డది. ఆ 12:10 దుబాయ్ గడియారమని, అది మనకన్న గంటన్నర వెనుక ఉంటదని మా ఇంట్ల ఎవరికీ తెల్వదు. టికెట్ చేసిన ఏజెంటు పైసలు రెండుసార్లు లెక్కపెట్టుకున్నడు గానీ ఈ ఒక్క ముక్క చెప్పలే.

దిగేసరికి మన టైము 1:40. ఇమిగ్రేషన్ లైను, తర్వాత సామాను. నా సిమ్ అక్కడ పనిచెయ్యలే. తీసుకపోను వచ్చిన మా ఊరి అన్న ఫోనుతోని కొట్టేసరికి ఇక్కడ మూడున్నర. అమ్మ సగం రింగుకే ఎత్తింది. "యాడున్నవ్ బిడ్డా" అన్నది, ఇగ ఏడుపే. పన్నెండు కాంగనే ఫోను కొంగుల చుట్టుకొని అరుగు మీద కూసున్నదట. ఒంటిగంటకు పక్కింటి పెద్దమ్మను లేపిందట. చెల్లె నా నంబరు కొట్టినప్పుడల్లా స్విచ్చాఫ్. ఫోను చెమటకు తడిసి, కొంగుతోని తుడుచుకుంట తుడుచుకుంట మాట్లాడిందని చెల్లె తర్వాత చెప్పింది.

మా నాయిన బొంబాయికి కూలికి పోయేటోడు. పాలమూరు నుంచి రాత్రంత బస్సుల పోవాలె. అయినా ఎప్పుడు దిగుతడో అమ్మకు నోటికే తెలుసు, అక్కడా ఇక్కడా ఒకటే గడియారం కాబట్టి.

అందుకే చెప్తున్న. దుబాయ్ ప్రయాణమంటే మాకు 12 గంటలు. సాయంత్రం నాలుగింటికి ఇల్లు విడిస్తె ఆమనగల్లు, కడ్తాల్, తుక్కుగూడ మీదుగ ఆరింటికి శంషాబాద్. మూడు గంటల ముందుండాలె, గంట ముందే కౌంటరు మూసేస్తరు. దిగినంక బయటపడేసరికి ఇంకో గంటన్నర, రెండు గంటలు. వచ్చేటప్పుడు టికెట్ మీద 5 గంటలు కనపడుతది, భయపడొద్దు, అండ్ల గంటన్నర గడియారం తేడానే.

ఇప్పుడు పోయినప్పుడల్లా గోడ క్యాలెండరు మీద "ఫోన్: మన టైము 4" అని పెద్దక్షరాలతోని రాసిపోత. నిజానికి మూడున్నరకే కొడుత. అమ్మ తొమ్మిదింటికే పండుకుంటది.