ఆకును వదిలేసి మొదలు చూడండి

“పెరట్లో పెద్ద మామిడి చెట్టు ఆకులు పసుపు రంగుకు తిరిగి రాలిపోతున్నాయి, ఇదిగో ఫోటో, ఏం జబ్బు?” అని అడిగారు. ఫోటోలో ఉన్నది ఒకే ఒక్క ఆకు, దాన్ని పట్టుకున్న రెండు వేళ్లు. పదిమందిలో తొమ్మిదిమంది ఇలాగే అడుగుతారు. గోరు కత్తిరించి వైద్యుడికి పంపినట్టుంటుంది. నన్నడిగితే చెట్టు జబ్బు చాలాసార్లు ముందు కాండం మొదట్లో కనబడుతుంది, ఆకుల దాకా వచ్చేసరికి సగం కథ అయిపోయి ఉంటుంది.

మా పెదనాన్నగారి మామిడి చెట్టుకు ఒక పక్క కొమ్మలు వరుసగా ఎండిపోసాగాయి. ఒకరు ఎరువు చాలలేదన్నారు, ఇంకొకరు నీళ్లు ఎక్కువయ్యాయన్నారు. అందరూ కలిసి ఒప్పుకున్నది ఒక్కటే, ఆకుల మీద మందు కొట్టాలని. నిచ్చెనలు వేసి చిటారు కొమ్మ దాకా కొట్టించారు. నేను వెళ్లినప్పుడు ఆయన తల పైకెత్తి ఎండుకొమ్మలు చూపిస్తున్నారు, నేను కిందికి చూస్తున్నాను. కాండం మొదట్లో రంపపు పొట్టు, చిన్న కుప్పగా, ఇంకా తడిగా ఉంది. దానికి జానెడు పైన బెరడు చిట్లి బంక కారుతోంది. బంక గీకేస్తే రంధ్రం బయటపడింది. పాత సైకిల్ చువ్వ తెప్పించి, కొస కాస్త వంచి, లోపలికి తోశాను. ఒకచోట మెత్తగా తగిలింది. తిప్పుతూ మెల్లగా లాగితే మీగడ రంగు పురుగు, వేలంత పొడవు, గట్టి నల్లని తల. “ఇంత మందు కొట్టిస్తే వీడు లోపల కూర్చుని తింటున్నాడా!” అన్నారు పెదనాన్నగారు, పురుగును మనిషిని తిట్టినట్టు తిడుతూ.

కాండం తొలిచే పురుగు అది. బెరడు కింద నీరు, ఆహారం నడిచే దారినే తింటుంది. ఆ దారి తెగిన వైపు కొమ్మలు ఎండుతాయి. ఆకుల మీద కొట్టిన మందు దాని దాకా ఎలా వెళుతుంది? మందులో ముంచిన దూది రంధ్రంలో కుక్కి తడిమట్టితో మూసేశాం. మిగిలిన సగం చెట్టు ఇప్పటికీ కాస్తోంది.

పొట్టు, బంక లేకపోతే పుట్టగొడుగుల కోసం వెతకండి. మొదట్లో బెరడును అంటుకుని, అరలాగా, చెక్కలా గట్టిగా పెరిగినవి ఉంటే లోపల వేళ్లు, కాండం అడుగు కుళ్లుతున్నట్టే. గానోడెర్మా జాతి శిలీంధ్రాలు ఇలాగే కనబడతాయి. అవి ఉన్న చెట్టు పైన నిండా పచ్చగా ఉండి కూడా గాలికి పడిపోగలదు. ఇంటి మీదికి వాలి ఉంటే నిపుణుడిని పిలవడం ఆలస్యం చేయవద్దు. తొర్ర ఒక్కదాన్ని చూసి మాత్రం గొడ్డలి ఎత్తకండి. కాండం నడిమి చేవ ఎలాగూ ప్రాణం లేని భాగమే, చుట్టూ గట్టి కలప తగినంత మందాన ఉంటే చెట్టు ఏళ్ల తరబడి నిలుస్తుంది.

కొమ్మ నరికిన చోట తారు, రంగు పూసేవాళ్లతో వాదించి అలసిపోయాను. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షిగో వేల చెట్లను కోసి చూసి, చెట్టు కుళ్లును లోపలే అడ్డుగోడలు కట్టి ఆపుతుందని 1977లో వివరంగా రాశాడు. పైపూత ఆ కుళ్లును ఆపదని కూడా తేల్చాడు. అయినా డబ్బాలు అమ్ముడవుతూనే ఉన్నాయి. కాండం చుట్టూ అంగుళం ఖాళీ లేకుండా సిమెంటు పోసేవాళ్లయితే మరీ. ఆహారం తెచ్చే వేళ్లలో ఎక్కువ భాగం పైపై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి, వాటికి గాలి కావాలి. గచ్చు చేసి, ఆ తరువాత జబ్బు పేరు అడుగుతారు.

ఎండినట్టున్న కొమ్మను గోటితో గీకండి. బెరడు కింద పచ్చగా, తడిగా ఉంటే బతికే ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఆ కొమ్మ పోయినట్టే, ఇంకాస్త కిందికి వచ్చి గీకండి.

ఇక మీ పసుపు ఆకు. ముదురాకులు ముందు పాలిపోతే చాలామటుకు నత్రజని లోపం. లేతాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపైతే ఇనుము అందడం లేదు, సున్నం ఎక్కువున్న నేలల్లో ఇది మామూలే. కొన్ని పాతాకులే రాలి కొత్త చిగుళ్లు వస్తుంటే అసలు జబ్బే లేదు. కాండం మీది బూడిదరంగు లైకెన్ పొరను (శిలీంధ్రం, నాచు కలిసి పెరిగేది) కూడా గీకకండి, అది బెరడు మీద ఉంటుందే తప్ప చెట్టును తినదు.