రాజీనామా డ్రాఫ్టులోనే ఉండనీ

ప్రశ్న: అక్కా, మాది నెల్లూరు. బర్మింగ్‌హామ్‌లో జీపీగా, అంటే ఫ్యామిలీ డాక్టర్‌గా, వారానికి ఏడు సెషన్లు (పూటలు) చేస్తున్నాను. బాబుకి ఐదేళ్లు. ఆటిజం అని ఈమధ్యే తేలింది. ఏ పదకొండింటికో స్కూలు నుంచి ఫోన్ వస్తుంది, వచ్చి తీసుకెళ్లమని. అప్పటికి నా గదిలో ఒక పేషెంటు, బయట ఇంకో ఆరుగురు. మా ఆయన రోజూ లండన్ వెళ్లొస్తారు. ఉద్యోగం మానేసి, వాడు కాస్త కుదుటపడ్డాక మూడేళ్లకో నాలుగేళ్లకో మళ్లీ చేరదామనుకుంటున్నాను. ఏమంటారు?

జవాబు: మానేయాలనిపించడంలో తప్పులేదమ్మా. ఆ మూడేళ్ల లెక్కే నాకు నచ్చలేదు. జీపీ పనికి రెండేళ్లు దూరమైతే తిరిగి రావడానికి రిటర్న్ టు ప్రాక్టీస్ ప్రోగ్రామ్ దారి పట్టాలి, ఇంకొకరి పర్యవేక్షణలో పనిచేయాలి. ఇన్నేళ్ల అనుభవం పెట్టుకుని మళ్లీ ట్రైనీలా కూర్చోవడం నాకైతే నామోషీ.

నీలాంటివాళ్ల కోసమే ఇంగ్లండ్‌లో జీపీ రిటెన్షన్ స్కీమ్ ఉంది. వారానికి ఒకటి నుంచి నాలుగు సెషన్లు, ఏడాదికి 208 మించకుండా, ఐదేళ్ల దాకా. ఏటా సమీక్ష ఉంటుంది. నీకు ఏటా కొంత ఖర్చుల సొమ్ము వస్తుంది. ప్రాక్టీసుకి, అంటే నువ్వు పనిచేసే క్లినిక్కుకి, నీ ఒక్కో సెషన్‌కి 76.92 పౌండ్లు ముడతాయి, కాబట్టి మేనేజర్ ముందు దేబిరించినట్టు మాట్లాడకు. అప్లికేషన్‌లో పార్ట్‌టైమ్ కావాలని రాస్తే చాలదు, మామూలు పార్ట్‌టైమ్ ఉద్యోగం నీకెందుకు సరిపోదో చెప్పాలి. ఆ పదకొండింటి ఫోన్ సంగతి ఉన్నదున్నట్టు రాసెయ్.

ప్రాక్టీసు ఒప్పుకుంటే సెషన్లు వారంవారం సమానంగా ఉండక్కర్లేదు. నేను ఈ స్కీమ్‌లో ఉండగా, గుంటూరులో మా నాన్న మంచం పట్టినప్పుడు ముందు వారాల్లో ఎక్కువ చేసి, వరసగా ఐదు వారాలు ఆయన దగ్గర ఉండొచ్చాను. నువ్వు స్కూలు సెలవులకి అలా సర్దుకోవచ్చు.

ఇక అసలు తంటా. సెషన్ అంటే కాగితం మీద 4 గంటల 10 నిమిషాలు. ఉదయం ఎనిమిదిన్నరకి మొదలుపెడితే 12.40కి కారెక్కాలి. నేను ఎక్కానా? బ్లడ్ రిజల్ట్స్, హాస్పిటల్ ఉత్తరాలు, రిపీట్ ప్రిస్క్రిప్షన్లు... ఫ్లాస్కులో టీ చల్లారిపోయేది. నాలుగు వారాలు నోరు మూసుకుని, బయటపడ్డ టైము డైరీలో రాసుకున్నాను: 2.55, 3.20, ఒక మంగళవారమైతే 4.05. ఆ పేజీ తీసుకెళ్లి మేనేజర్ టేబుల్ మీద పెట్టాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. పూటకి పదిహేను మంది పేషెంట్లు పన్నెండయ్యారు, చివరి గంట కాగితాల పనికి వదిలారు. నువ్వు అంతదాకా ఆగకు. ఈ స్కీమ్‌లో బీఎంఏ (బ్రిటన్ డాక్టర్ల సంఘం) మోడల్ కాంట్రాక్టు ఉండాలి. పేషెంట్లెందరో, కాగితాలకి ఎంతసేపో సంతకానికి ముందే అందులో రాయించుకో.

జీతం బాగా తగ్గుతుంది, అది మీ ఇద్దరూ కూర్చుని చూసుకోవాల్సిన లెక్క. మీది ఇంకా స్పాన్సర్‌షిప్ వీసా అయితే దానికి కనీస జీతం షరతు ఉంటుంది. సెషన్లు తగ్గించుకోకముందే లాయర్‌ని అడుగు.