మేకుకి వేలాడుతున్న గార్డు: వర్క్‌షాప్ పెట్టిన తమ్ముడి కొడుక్కి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి చిన్నాకి పెదనాన్న ఆశీర్వదించి రాసేది.

షెడ్డు ఫోటోలు చూశాను. రేకుల షెడ్డే అయినా ఎత్తు బాగుంది, గాలి ఆడుతుంది. మీ పెద్దమ్మ పక్కింటి వాళ్ళని పిలిచి మరీ చూపించింది. బల్లలోంచి బ్లేడు పైకి వచ్చే టేబుల్ సా, చేత్తో పట్టి కోసే కట్టర్లు రెండు, గ్రైండర్, చెక్క అంచులు తీర్చే రూటర్, చిత్రిక పట్టే మెషిన్, అన్నీ ఒక్కసారే కొన్నావు. మీ తాతయ్య ఒక గోనెసంచిలో బాడిస, నాలుగు ఉలులు, ఒక రంపం వేసుకుని ఊళ్ళు తిరిగి ద్వారబంధాలు చేశాడు. అదంతా తలుచుకుని సంతోషపడుతూనే ఒక ఫోటో దగ్గర ఆగిపోయాను. టేబుల్ సా బ్లేడు మీద కప్పుగా ఉండాల్సిన గార్డు గోడ మీద మేకుకి వేలాడుతోంది. ఫోన్లో అడిగితే "పనికి అడ్డమొస్తోంది పెదనాన్నా" అన్నావు.

చెయ్యికి అడ్డం రావాలనే కదరా దాన్ని పెట్టింది. ఫోన్లో చెబితే సరే సరే అని పెట్టేస్తావని కాగితం మీద రాస్తున్నాను.

నా ఎడమ చేతి ఉంగరం వేలికి పై కణుపు లేదని నీకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఎలా పోయిందో మాత్రం నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. రాజమండ్రిలో ఒక అపార్ట్‌మెంట్ తలుపుల పని. కట్టర్‌ని తిరగేసి ప్లైవుడ్ బల్ల కింద బిగించి, బ్లేడు పైకి వచ్చేలా చేసుకున్నాం. అప్పట్లో అందరిదీ అదే టేబుల్ సా. గార్డు లేదు, గైడ్‌గా ఒక చెక్కపేడు. సాయంత్రం అయిదు దాటింది. బీడింగులు కోస్తున్నాను, అంగుళం వెడల్పు చెక్క పట్టీలు. ఇంకొక్కటే మిగిలింది. తోసే కర్ర అటు పక్క పడి ఉంది, రెండడుగులు వేస్తే అందుతుంది. ఒక్కటే కదా అని చేత్తోనే తోశాను. చివర్లో చెక్క చిట్లి ముక్క ఎగిరిపోయింది. అప్పటిదాకా దాన్ని తోస్తున్న చెయ్యి ముందుకి పడింది. నొప్పి తెలియలేదు. మెషిన్ శబ్దం ఒక్క క్షణం మారింది, అంతే. చెక్కని కోసే శబ్దం కరుగ్గా ఉంటుంది, ఆ ఒక్క క్షణం మెత్తగా వినిపించింది. ఏమిటా అని చూస్తే పొట్టు ఎర్రగా ఉంది.

అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళ అనుభవం. కొత్తవాడు భయంతో చెయ్యి దూరంగా పెట్టుకుంటాడు. నీకు ఇప్పుడు ఆ భయం ఉంది, మంచిదే. ఇంకో ఏడాదికి చెయ్యి అలవాటు పడుతుంది, అప్పటి గురించే నా బెంగ.

ముందు టేబుల్ సా సంగతి. అందరూ బ్లేడు వేళ్ళు కోస్తుందనే భయపడతారు గానీ, అది చెక్కని వెనక్కి విసిరికొట్టడం దగ్గరే చాలా ప్రమాదాలు మొదలవుతాయి. బ్లేడుకి నీ వైపున్న పళ్ళు కిందికి దిగుతుంటాయి, అవతలి వైపు పళ్ళు పైకి లేస్తుంటాయి. కోసిన చెక్క కాస్త వంకర తిరిగినా, పచ్చి చెక్క అయి కోత మళ్ళీ మూసుకుపోయినా, అవతలి పళ్ళు దాన్ని పట్టుకుని పైకి లేపి నీ మీదికి విసురుతాయి. 10 అంగుళాల బ్లేడు నిమిషానికి 4000 చుట్లు తిరుగుతుంటే దాని అంచు గంటకి 190 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు లెక్క. సెకనులో పదో వంతులో 5 మీటర్లు. నీ పొట్ట దానికి మీటరు దూరంలో కూడా ఉండదు. ఇక తప్పుకునే టైము ఎక్కడిది? పైగా చెక్క అలా ఎగిరిపోయినప్పుడే చెయ్యి బ్లేడు మీద పడుతుంది, నాకు పడినట్టే.

బ్లేడు వెనక నిలబడే సన్నటి ఇనప రేకు ఉంటుంది, రైవింగ్ నైఫ్ అంటారు. కోత మూసుకుపోకుండా ఆపేది అదే. ఫోటోలో అది కూడా కనిపించలేదు, డబ్బాలోనే ఉండి ఉంటుంది. తీసి బిగించు. గార్డు తియ్యక తప్పని కోతలు కొన్ని ఉంటాయి, కాదనను. ఆ కోత అవ్వగానే మళ్ళీ పెట్టెయ్యి. రైవింగ్ నైఫ్‌ని మాత్రం మామూలు కోతల్లో తీసే పనే రాదు. బ్లేడు ఎత్తు చెక్క మందం కన్నా పావు అంగుళం పైకి ఉంటే చాలు. బ్లేడుకి సూటిగా నిలబడకు, కాస్త ఎడమకి జరుగు. పొడుగు కోతకి చెక్కని ఆనించే ఫెన్స్ గానీ, అడ్డకోతకి చెక్కని పట్టి తోసే మైటర్ గేజ్ గానీ లేకుండా ఒట్టి చేతుల్తో చెక్క తొయ్యకు. రెండూ ఒకేసారి పెట్టి అడ్డకోత కొయ్యకు, తెగిన ముక్క ఫెన్స్‌కీ బ్లేడుకీ మధ్య ఇరుక్కుని తన్నుతుంది. తెగిన చిన్న ముక్క బ్లేడు పక్కనే ఆడుతుంటే వేలితో తియ్యాలని చెయ్యి పీకుతుంది. స్విచ్ ఆపి, బ్లేడు పూర్తిగా ఆగాక కర్రతో తియ్యి.

పాత ఇళ్ళు పడగొట్టిన చోట నుంచి టేకు దూలాలు తెస్తున్నావట. మంచి సరుకే, ఇప్పుడు అలాంటి టేకు దొరకదు. కానీ వాటి నిండా మేకులు ఉంటాయి. పైకి కనిపించేవి తీసేస్తావు, తల విరిగి లోపల ఉండిపోయినవి కనిపించవు. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం ఒకటి దారానికి కట్టి దూలం పొడుగునా ఆడించు. లోపల ఇనుము ఉంటే అటు లాగుతుంది. మరీ లోతుగా ఉన్న మేకు దానికి దొరకదు, అందుకని పాత కలప కోసేటప్పుడు రక్షణ కళ్ళద్దాలు తియ్యకు. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను.

ఇప్పుడు కరెంటు. మన షెడ్డుల్లో తరచూ జరిగేది ఒకటి చెబుతాను. మెషిన్ నడుస్తుండగా కరెంటు పోతుంది. అందరూ టీకి వెళ్తారు. స్విచ్ ఆన్‌లోనే ఉండిపోతుంది. నాతో పని చేసిన కుర్రాడొకడు అలాంటప్పుడే బ్లేడులో ఇరుక్కున్న చెక్కని ఊపి ఊపి లాగుతున్నాడు, ఫట్‌మని కరెంటు వచ్చింది. వాడి అదృష్టం, చొక్కా చెయ్యి మాత్రమే పోయింది. టేబుల్ సాకి నో-వోల్ట్ రిలీజ్ స్విచ్ పెట్టించు. కరెంటు పోతే తనే ఆఫ్ అవుతుంది, తిరిగొచ్చాక నువ్వు పచ్చ బటన్ నొక్కితేనే తిరుగుతుంది. ఎలక్ట్రికల్ షాపులో ఆ పేరు చెబితే ఇస్తారు. చేతి మెషిన్లకి స్విచ్‌ని ఆన్‌లోనే పట్టి ఉంచే లాక్ బటన్ ఉంటుంది కదా, వాటికి కరెంటు పోగానే ప్లగ్గు పీకెయ్యడమే. బ్లేడు మార్చేటప్పుడూ అంతే. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకి నీ కళ్ళ ముందు పెట్టుకో.

కరెంటు ఎక్కువైతే తనే పడిపోయే ఎంసీబీ బోర్డులో ఉంది కదా అంటావేమో. ఎంసీబీ వైర్లు కాలిపోకుండా చూస్తుంది, మనిషిని చూడదు. 16 ఆంపియర్ల ఎంసీబీ పడే కరెంటులో వందో వంతు కూడా అక్కర్లేదు గుండె ఆగడానికి. మనిషి కోసం పెట్టేది ఆర్‌సీసీబీ, 30 మిల్లీఆంపియర్లది, కరెంటు మనిషి గుండా నేలకి పోతుంటే వెంటనే ఆపేసే స్విచ్. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడు, పడకపోతే మార్చెయ్యి. టేబుల్ సా లాంటి ఇనప బాడీ ఉన్న వాటికి ఎర్త్ తప్పనిసరి. చేతి మెషిన్ల మీద చదరంలో చదరం బొమ్మ ఉంటే వాటిలో ఇన్సులేషన్ రెండు వరసలు ఉంటుంది, వాటికి ఎర్త్ వైరు రాదు, కంగారు పడకు. ఇక మన వాళ్ళ సొంత విద్య ఒకటి ఉంది. ప్లగ్గు లేని వైర్లని సాకెట్ బెజ్జాల్లో దూర్చి అగ్గిపుల్లలు గుచ్చడం. నీ షెడ్డులో అగ్గిపుల్ల కనిపిస్తే ఆ రోజుకి పని ఆపెయ్యి. ఎక్స్‌టెన్షన్ వైరు చుట్ట మీద ఉండగానే పెద్ద మెషిన్ నడిపితే చుట్ట లోపల వేడెక్కి కరిగిపోతుంది. మొత్తం విప్పి వాడు.

బట్టల సంగతి. లుంగీ వద్దు, మెడలో తువ్వాలు వద్దు, పొడుగు చేతుల చొక్కా అయితే మోచేతి పైకి మడుచుకో. చేతి తాళ్ళు, ఉంగరాలు తీసి డ్రాయర్లో వెయ్యి. తిరిగే బ్లేడు దగ్గర, డ్రిల్లు దగ్గర, రూటర్ దగ్గర చేతి తొడుగులు వేసుకోకు. ఇది చాలామందికి వింతగా ఉంటుంది. తొడుగు ఉంటే రక్షణే కదా అనుకుంటారు. తిరిగే బిట్టుకి తొడుగు దారం చిక్కిందంటే చెయ్యంతా చుట్టుకుపోతుంది. ఒట్టి చెయ్యయితే గీరుకుంటుంది, లేదా తెగుతుంది, అంతటితో పోతుంది. చెక్కలు మోసేటప్పుడు, బ్లేడు పట్టుకుని మార్చేటప్పుడు తొడుగులు వేసుకో.

అయ్యప్ప మాల వేసుకుంటానన్నావు ఈ ఏడు. వేసుకో నాయనా, కాదనడానికి నేనెవర్ని. మాల చొక్కా లోపలికి వేసుకో. చెప్పుల్లేని కాళ్ళతో మాత్రం మెషిన్ల మధ్య తిరగొద్దు. ఆ నలభై ఒక్క రోజులూ కొలతలు, పాలిష్, బేరాలు నువ్వు చూసుకో, కోతలు కుర్రాళ్ళ చేత చేయించు. స్వామికి కోపం రాదు.

కట్టర్, గ్రైండర్ చిన్నవని లోకువ కట్టకు. పెద్ద మెషిన్ బల్లకి కట్టేసి ఉంటుంది, ఇవి నీ చేతిలో ఉంటాయి. 4 అంగుళాల గ్రైండర్ నిమిషానికి దాదాపు 11 వేల చుట్లు తిరుగుతుంది. డిస్క్ మీద ఎన్ని చుట్లకి పనికొస్తుందో రాసి ఉంటుంది, అది మెషిన్ వేగం కన్నా తక్కువైతే పక్కన పడెయ్యి. గార్డు తీసేసి 4 అంగుళాల మెషిన్‌కి 5 అంగుళాల డిస్క్ బిగించే వాళ్ళని చూశాను, పగిలితే ఆ ముక్కలు తుపాకీ గుండ్లే. ఇనుము కోసే సన్న డిస్కుల మధ్యలో ఉన్న రేకు మీద గడువు నెల, ఏడాది ఉంటాయి. మందు సీసాల మీద గడువు చూస్తావు కదా, ఇదీ అంతే. గ్రైండర్‌కి చెక్క కోసే పళ్ళ బ్లేడు పెట్టనే పెట్టకు. పన్ను చెక్కలో దిగబడిందంటే మెషిన్ చేతిలోంచి ఎగిరి మెడ దాకా వస్తుంది. గ్రైండర్ పట్టినప్పుడు కళ్ళజోడు చాలదు, పక్కలు కూడా మూసే కళ్ళద్దాలు కావాలి.

చెవులు, ఊపిరితిత్తుల గురించి నేను చెప్పినా నువ్వు ఇప్పుడు వినవు, ఎందుకంటే అవి పోయేది నెమ్మదిగా. చెక్కపొడి క్యాన్సర్ తెచ్చేదని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. చెక్క పీచుని జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్ పలకల పొడి ఇంకా సన్నం, పైగా ఆ జిగురులో ఫార్మాల్డిహైడ్ అనే విష రసాయనం ఉంటుంది. ముక్కుకి తువ్వాలు కట్టుకుంటే పెద్ద పొట్టు ఆగుతుంది, చెడుపు చేసే సన్నపొడి లోపలికే పోతుంది. ఎన్95 మాస్కు కొను. చెవి మఫ్‌లు కూడా. మా ఇంట్లో టీవీ సౌండు వీధి చివరికి వినిపిస్తుందని మీ పెద్దమ్మ రోజూ పోట్లాడుతుంది, నాకు మాత్రం సరిపోయినట్టే ఉంటుంది.

నీ దగ్గర పనికి వచ్చిన ఇద్దరు బీహార్ కుర్రాళ్ళకి తెలుగు రాదన్నావు. అందరికీ అర్థమయ్యే ఒక్క మాట పెట్టుకో. "బంద్" అంటే ఎవరి చేతిలో ఏది ఉన్నా ఆపాలి. మెషిన్ మీద ఉన్నవాణ్ణి వెనక నుంచి పిలవడం, భుజం తట్టడం ఉండకూడదు. ఎదురుగా వచ్చి, వాడు చూసేదాకా నిలబడాలి. ఓనరువైనా నీకూ అదే వర్తిస్తుంది. ఫోన్లో పార్టీ ఎంత గింజుకుంటున్నా సరే.

ఒకవేళ వేలు తెగితే. రాయడానికి చెయ్యి ఆడటం లేదు గానీ ఇది నువ్వు తెలుసుకోవాలి. కాఫీపొడి, పసుపు పొయ్యొద్దు. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి చెయ్యి పైకెత్తి పట్టుకోవాలి. తెగిన ముక్కని మంచినీళ్ళతో కడిగి, తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూసి, ఆ కవర్ని ఐసు వేసిన నీళ్ళలో ఉంచాలి. ఐసు ముక్కకి నేరుగా తగిలితే కండ చచ్చిపోతుంది, ఇక అతకదు. 108కి ఫోన్ చెయ్యి. వేళ్ళు అతికే సర్జన్ ఏ ఆసుపత్రిలో ఉన్నాడో ఇప్పుడే కనుక్కుని నంబరు గోడ మీద పెద్దక్షరాలతో రాయించు. నా వేలి ముక్కని ఆ రోజు ఎవరో పొట్టులోంచి తీసి జేబురుమాల్లో చుట్టి ఐసు డబ్బాలో వేశారు. మేలు చేద్దామనే పాపం. ఆసుపత్రిలో డాక్టరు దాన్ని చూసి పక్కన పెట్టేశాడు.

అమెరికాలో వేలు తగిలిన మరుక్షణం బ్లేడు ఆగిపోయే రంపాలు ఉన్నాయట, యూట్యూబ్‌లో చూశాను. సాసేజీ అనే మాంసం ముక్కని పెడితే గీత పడి ఆగిపోయింది. ధర చూసి నవ్వుకున్నాను. నీ గోడ మీది గార్డుకి నువ్వు డబ్బులు కట్టేశావు కదరా.

దసరాకి వస్తున్నాను. ఆయుధపూజ నాడు అన్నిటికీ బొట్టు పెట్టే ముందు ప్లగ్గులన్నీ పీకి, బ్లేడులు, వైర్లు, గార్డులు ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ చూద్దాం. నీకోసం రెండు తోసే కర్రలు చేశాను, నల్లతుమ్మవి, పిడి నీ చెయ్యికి సరిపోయేలా. ఒకటి టేబుల్ సాకి కుడి పక్క కొక్కేనికి తగిలించు, ఇంకోటి ఎడమ పక్క. రెండడుగుల దూరంలో కూడా వద్దు.

ఈలోగా గార్డు బిగించి ఒక ఫోటో పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న