కార్పెట్‌కి 17 అంగుళాల మెషిన్: కిట్ మొత్తం వద్దు, ప్యాడ్ హోల్డరూ బానెట్లూ చాలు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకూ ఇదీ: 17 అంగుళాల సింగిల్ డిస్క్ మెషిన్ మీ దగ్గర ఉంది, ఇన్నాళ్ళూ టైల్స్, గ్రానైట్ చేశారు, ఇప్పుడు ఒక ఆఫీసు కార్పెట్ కాంట్రాక్ట్ వచ్చింది. డీలరేమో షాంపూ బ్రష్, గట్టి బ్రష్, ట్యాంకు, ప్యాడ్ హోల్డర్ (మెషిన్ కింద బిగించే పళ్ళెం), అయిదు రంగుల ప్యాడ్లు, రెండు బానెట్లు (దాని కింద పెట్టి కార్పెట్ తుడిచే గుండ్రటి గుడ్డలు) కలిపి ఒకే సెట్‌గా తీసుకోమంటున్నాడు. అన్నీ కావాలా అని అడిగారు.

అక్కర్లేదండి. నేను పన్నెండేళ్ళుగా హైదరాబాద్‌లో ఆఫీసులకీ ఫంక్షన్ హాళ్ళకీ ఈ పనే చేస్తున్నాను. ఆ డబ్బు నా చేతికిస్తే ఒక మంచి ప్యాడ్ హోల్డర్, ఒక డజను బానెట్లు కొని, మిగిలినది జేబులో వేసుకుంటాను. ఆ సెట్ నేల పనికోసం కట్టింది. కార్పెట్ పేరు చెప్పి రెండు బానెట్లు అందులో పడేస్తారు, అంతే. రెండు బానెట్లతో ఒక పెద్ద హాలు కూడా సరిగ్గా అవదు.

కొనే ముందు రెండు చూసుకోండి. మొదటిది మెషిన్ మోటారు మీదుండే ప్లేట్. ఆర్‌పీఎం, అంటే నిమిషానికి తిరిగే చుట్లు, 150 నుంచి 180 మధ్య ఉంటే కార్పెట్‌కి పనికొస్తుంది. 17 అంగుళాల డిస్క్ 175 ఆర్‌పీఎంతో తిరిగితే అంచు దగ్గర వేగం సెకనుకి దాదాపు 4 మీటర్లు. అదే 400 ఆర్‌పీఎం పాలిష్ మెషిన్ అయితే 9 మీటర్లు. పాలీప్రొపిలీన్ కార్పెట్ అయితే బరువైన సోఫా ఈడ్చినా రాపిడి వేడికి మెరుపు గీత పడే రకం, దాని మీద ఆ వేగం అసలు పెట్టకూడదు. గ్రానైట్ కోసం మెషిన్ పైన అదనపు బరువులు బిగించి ఉంటే అవి కూడా తీసేయండి.

రెండోది కార్పెట్. వంగి కూర్చుని వేలితో పోగులు విడదీసి చూడండి. పోగు ఉంగరంలా తిరిగి మళ్ళీ లోపలికి పోతే అది లూప్ పైల్. కొస కత్తిరించి కుచ్చులా నిలబడితే కట్ పైల్. ఐటీ ఆఫీసుల్లో పరిచే 50 సెంటీమీటర్ల చదరపు కార్పెట్ టైల్స్ ఎక్కువగా లూప్ రకం, ఇవి దెబ్బకి ఓర్చుకుంటాయి. బోర్డ్ రూముల్లో, ఎండీ క్యాబిన్లలో, పెద్ద హోటళ్ళలో కట్ పైల్ ఉంటుంది. డబ్బంతా అక్కడే, టెన్షనంతా అక్కడే.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తాను. పనిలోకి వచ్చిన రెండో ఏడు, మాదాపూర్‌లో ఒక ఆఫీసు. హాలంతా లూప్ టైల్స్, చివర బోర్డ్ రూమ్‌లో లేత గోధుమరంగు కట్ పైల్. హాలు కోసం తెచ్చిన ఆకుపచ్చ గీతల బానెట్‌నే బోర్డ్ రూమ్‌లోనూ వాడాం. ఆ ఆకుపచ్చ గీత అలంకారం కాదు, గరుకైన ప్లాస్టిక్ పోగు, మొండి మురికిని గీకడానికి పెడతారు. పైగా అప్పటికి రాత్రి రెండున్నర, తడి బానెట్లు అయిపోయాయి, ఉన్నదాన్నే మళ్ళీ తిప్పాం. ట్యూబ్‌లైట్ వెలుగులో గది మెరిసిపోతున్నట్టే కనిపించింది, తాళం వేసి ఇంటికెళ్ళాం. పొద్దున తొమ్మిదిన్నరకి ఫెసిలిటీ మేనేజర్ ఫోన్. వెళ్ళి చూస్తే, అద్దాల్లోంచి ఎండ ఏటవాలుగా పడి, కార్పెట్ మీద ఎవరో మెలికల ముగ్గు వేసినట్టు వరుసగా చక్రాలు. పోగు కొసల దగ్గర మెలి విడిపోయి, దూది ఉబ్బినట్టు పైకి లేచింది. కార్పెట్ దువ్వెన, ఆవిరి ఇస్త్రీ పట్టుకుని ఇద్దరం సాయంత్రం దాకా కూర్చుంటే సగం సర్దుకుంది. మిగతా సగానికి బిల్లులో కోత పడింది. తప్పు మెషిన్‌ది కాదు. గీతల బానెట్, అది ఆరిపోవడం, టేబుల్ కాళ్ళ దగ్గర ఒకేచోట ఎక్కువసేపు తిప్పడం, మూడూ కలిశాయి.

ఇక సామాను సంగతి.

ప్యాడ్ హోల్డర్ అంటే మెషిన్ కింద బిగించే గుండ్రటి పళ్ళెం. రెండు రకాలొస్తాయి. ఒకదానికి కిందవైపు పొట్టి బ్రష్ కుచ్చులుంటాయి, రెండోదానికి చిన్న చిన్న ప్లాస్టిక్ ముళ్ళు. నేల ప్యాడ్లకి రెండూ ఫర్వాలేదు. బానెట్‌కి నేను పొట్టి కుచ్చులదే వాడతాను. ముళ్ళు అరిగిన బానెట్ వెనకగుడ్డలోంచి పొడుచుకొస్తే కార్పెట్‌కి తగులుతాయి. అన్నిటికంటే ముఖ్యం మధ్యలో ఉండే క్లచ్ ప్లేట్. మెషిన్‌లోకి తిప్పి లాక్ చేసేది అదే. కంపెనీని బట్టి దాని రంధ్రం సైజు, లోపలి గాడుల అమరిక మారిపోతాయి. "అన్నిటికీ సరిపోతుంది సార్" అన్న మాట నమ్మి నేనొకటి కొన్నాను. బిగుసుకుందిగానీ కొంచెం ఆట మిగిలిపోయి మెషిన్ ఎడ్లబండిలా ఊగింది. మీ పాత బ్రష్‌ని చేత్తో పట్టుకెళ్ళి, పక్కన పెట్టి పోల్చి కొనండి.

హోల్డర్‌కీ బానెట్‌కీ మధ్య ఒక మెత్తటి తెల్ల ప్యాడ్ పెట్టడం నాకు అలవాటు. బరువు సమంగా పడుతుంది, మెషిన్ ఎగరదు. ఆ అయిదు రంగుల్లో కార్పెట్ పనికి నేను తీసుకునేది ఈ ఒక్కటే. ఎరుపు, ఆకుపచ్చ, నలుపు ప్యాడ్లు గట్టి నేలకోసం. రంగు ముదిరేకొద్దీ గరుకుదనం పెరుగుతుంది. నలుపు పాత పాలిష్ పొరని గీకి తీసేది, అది కార్పెట్‌కి తగలకూడదు.

బానెట్ అంటే కారుది కాదు లెండి, మాప్ నూలు లాంటి దారాలతో కుట్టిన మందపాటి గుండ్రటి గుడ్డ. నూలు కలిసినది మురికిని బాగా పీలుస్తుంది, నీళ్ళు కూడా ఎక్కువ పట్టి బరువెక్కుతుంది. మైక్రోఫైబర్‌ది తేలిగ్గా జారుతుంది, మోటారు మీద లోడ్ తక్కువ, కట్ పైల్‌కి నేను అదే వాడతాను, అదీ గీతలు లేనిది. కొనేటప్పుడు దారాల కొసలు చూడండి. తెగి వేలాడే కొసలున్నవి నాలుగు ఉతుకులకే జడలు కడతాయి. కొస ఉంగరంలా మడిచి కుట్టినవి ఎక్కువకాలం వస్తాయి. సైజు 17 అంగుళాలకి తగ్గకూడదు. హోల్డర్ గట్టి అంచు బయటికి కనిపిస్తే అది కార్పెట్‌నీ గోడ కింది స్కర్టింగ్‌నీ గీకుతుంది.

డజను ఎందుకంటే, మామూలు మురికి ఉన్న ఆఫీసులో నాకు ఒక్కోవైపు 100 నుంచి 150 చదరపు అడుగులు వస్తుంది. తర్వాత తిరగెయ్యాలి, ఆ తర్వాత మార్చాలి. మాసిన బానెట్‌తో తిప్పుతూ పోతే ఈ మూల మురికిని ఆ మూలకి మోసుకెళ్తున్నట్టే. ఆరిపోయిన బానెట్ అయితే పట్టేసి మెషిన్ చేతిలోంచి లాక్కుంటుంది. షాంపూ కలిపిన ద్రావణంలో ముంచి, నీళ్ళు కారకుండా గట్టిగా పిండి వేయాలి. బకెట్ మీద మాప్ పిండే రింగర్ ఉంటే కుర్రాళ్ళ చేతులు బతుకుతాయి. పని అయ్యాక వేడినీళ్ళలో ఉతకండి. బ్లీచింగ్ వద్దు, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ అసలే వద్దు. సాఫ్ట్‌నర్ పట్టిన దారం తడి పీల్చదు.

బానెట్‌కి ఒక లోపం ఉంది, దాచను. అది పై భాగాన్నే శుభ్రం చేస్తుంది, పోగు అడుగున కూరుకుపోయిన మురికి అక్కడే ఉండిపోతుంది. కొన్ని కార్పెట్ కంపెనీలు బానెట్ పద్ధతి వద్దనే చెప్తాయి, కాబట్టి కొత్త కార్పెట్ అయితే వారంటీ కాగితం అడిగి చదివాకే మొదలుపెట్టండి. నేను ఆఫీసులకి నెలనెలా బానెట్ వేసి, ఏడాదికి ఒకటి రెండుసార్లు ఎక్స్‌ట్రాక్షన్ మెషిన్ (కార్పెట్‌లోంచి నీళ్ళు పైకి లాగేది) అద్దెకి తెచ్చి లోపలి దాకా కడుగుతాను.

షాంపూ బ్రష్, ట్యాంకు సంగతి కూడా అక్కడే తేలుతుంది. ట్యాంకులోంచి ద్రావణం బ్రష్ మధ్య రంధ్రాల్లోంచి కిందికి దిగుతుంది, మెత్తటి నైలాన్ కుచ్చులు దాన్ని నురగ చేసి పోగులోకి తోస్తాయి. జిడ్డుపట్టిన ఫంక్షన్ హాల్ కార్పెట్‌కి దీనికి మించినది లేదు. కానీ దింపిన నీళ్ళని మళ్ళీ పైకి లాగే ఎక్స్‌ట్రాక్షన్ మెషిన్ మీ దగ్గర ఉందా? లేకపోతే తడి అడుగుగుడ్డకి చేరుతుంది, ఆరేటప్పుడు కిందున్న పాత కాఫీ మరకని పైకి తెచ్చి కూర్చోబెడుతుంది. రాత్రి పోయిన మరక పొద్దున్నే మళ్ళీ వస్తే క్లయింట్‌కి ఏం చెప్తారు? పైగా ఆఫీసుల్లో రాత్రిపూట ఏసీ ఆపేస్తారు, తలుపులన్నీ మూసి ఉంటాయి, వానాకాలంలో కార్పెట్ మర్నాటి దాకా ఆరక వాసనేస్తుంది. ఫ్యానైనా నడిపించమని ముందే రాయించుకోండి. ఎక్స్‌ట్రాక్షన్ లేనంతవరకూ ఆ బ్రష్, ట్యాంకు కొనొద్దు. గట్టి బ్రష్ అయితే టైల్స్ సందులకే. రెండు బ్రష్‌లూ కొంటే పెద్ద అక్షరాలతో పేరు రాసి విడిగా పెట్టండి, చీకట్లో కుర్రాళ్ళకి రెండూ ఒకేలా ఉంటాయి.

ద్రావణం వంపడానికి ట్యాంకు బదులు మొక్కలకి మందు కొట్టే చేతిపంపు స్ప్రేయర్, 5 లీటర్లది, కొత్తది చాలు. ముందు వాక్యూమ్ పెట్టి పొడి దుమ్మంతా లాగేయాలి, ఆ తర్వాతే పలచగా స్ప్రే, ఆపైన బానెట్. వాక్యూమ్ మానేసి నేరుగా తడిపితే దుమ్ము బురదవుతుంది.

షాంపూ ఎంచుకునే పరీక్ష ఇంట్లోనే చెయ్యొచ్చు. లేబుల్ మీద చెప్పినంత నీళ్ళు కలిపి, ఒక చెంచాడు స్టీలు పళ్ళెంలో పోసి ఆరనివ్వండి. మర్నాడు వేలితో రాస్తే పొరలు పొరలుగా రాలిపోతే మంచిది, కార్పెట్‌లోనూ అలాగే రాలి వాక్యూమ్‌కి వచ్చేస్తుంది. బెల్లం పాకంలా వేలికి అంటుకుంటే ఆ షాంపూ వద్దు, కార్పెట్ నెల తిరక్కుండా మళ్ళీ నల్లబడుతుంది. ఈ పరీక్షకి మా ఇంట్లో ఒక పళ్ళెం శాశ్వతంగా నా వాటాకి వచ్చింది, దాంట్లో ఎవరూ తినరు.

ఎలాంటి కార్పెట్‌కైనా ముందు ఒక మూల, ఫర్నిచర్ కింద, తడి తెల్లగుడ్డ ఒక నిమిషం అదిమి రంగు దిగుతుందేమో చూడండి. లూప్ అయితే అతుకుల వెంబడి లేచిన దారాలు కత్తెరతో తీసేయండి, లాగొద్దు. మావాడొకడు చూసుకోకపోతే ఒక దారం మెషిన్‌కి చుట్టుకుని, స్వెటర్ ఊడినట్టు వరుస మొత్తం వచ్చేసింది. టైల్ కాబట్టి వాళ్ళ స్టోర్‌లోంచి ఇంకోటి తెచ్చి మార్చాం. అంచుకి కుచ్చులున్న చేతినేత ఉన్ని తివాచీలు, మన ఏలూరు రకంలాంటివి, ఎవరైనా చేయమంటే ఈ మెషిన్‌తో ఒప్పుకోకండి.

కరెంటు సంగతి కూడా సామానులో భాగమే. మెషిన్ మోటారు ఒకటిన్నర హెచ్‌పీ అయితే సుమారు 1100 వాట్లు, స్టార్ట్ అయ్యేటప్పుడు ఇంకా చాలా లాగుతుంది. కార్పెట్ మీద రాపిడి ఎక్కువ కాబట్టి టైల్స్ మీద కంటే లోడ్ కూడా ఎక్కువే. కంప్యూటర్ల దగ్గరుండే యూపీఎస్ సాకెట్లో పెట్టారో, సర్వర్ రూమ్ నుంచి కేకలు వస్తాయి. 15 ఆంపియర్ సాకెట్ వెతకండి, ఎక్స్‌టెన్షన్ మూడు కోర్ల మందపాటి వైరుది తీసుకోండి, ఎర్త్ తీగ తెగిన ప్లగ్‌తో తడి పని చేయొద్దు. సంచిలో ఒక స్పేర్ కెపాసిటర్ పడేసుకోండి, మోటారు గుంయ్ అంటూ తిరగకపోతే చాలాసార్లు పోయింది అదే.

చివరగా మీరు అడగనిది ఒకటి. కార్పెట్ మీద మొదటిరోజు మెషిన్ మీ మాట వినదు. హ్యాండిల్ కొంచెం ఎత్తితే కుడికి, దించితే ఎడమకి పోవడం టైల్స్ మీద లాగానే, కాకపోతే బరువుగా, ఆలస్యంగా కదులుతుంది. డిస్క్ మధ్యభాగం దాదాపు తిరగనట్టే, పనంతా అంచుదే, అందుకే ప్రతి వరుసా పాత వరుస మీద సగం ఎక్కాలి. ఎక్కడా ఆగొద్దు, ఆపాల్సి వస్తే స్విచ్ వదిలేయండి. రాత్రి మెషిన్ పక్కన పెట్టేటప్పుడు బానెట్, హోల్డర్ తీసేసి వెనక్కి వాల్చి పెట్టండి.

మీ ఆఫీసు కార్పెట్ లూపా, కట్టా, ఎన్ని చదరపు అడుగులు, మీ మెషిన్ ప్లేట్ మీద ఆర్‌పీఎం ఎంతుందో రాయండి. బానెట్లు ఎన్ని పడతాయో లెక్క చెప్తాను.