దేశానికి చమురు తగ్గాలి, సరే.. మరి మీ ఇంట్లో నిల్వ ఎంత?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, నెలకు రూ.92 వేలు చేతికొస్తుంది. హోం లోన్ ఇంకా 31 లక్షలుంది, ఈఎంఐ 34 వేలు. పెట్రోలు, పిల్లల ఫీజులతో కలిపి ఇంటి ఖర్చు 40 వేలు. సేవింగ్స్ ఖాతాలో 70 వేలు, ఎఫ్‌డీలో లక్షన్నర ఉన్నాయి. ఆఫీసు గ్రూప్ ఇన్సూరెన్స్ తప్ప వేరే పాలసీలు లేవు. దేశం చమురు దిగుమతులు తగ్గించుకుని సోలార్, ఇథనాల్, ఎలక్ట్రిక్ బండ్ల వైపు వెళ్తోంది కాబట్టి నేనూ ఇప్పుడే మారిపోదామనుకుంటున్నాను. పాత కారు అమ్మి డౌన్ పేమెంట్ కట్టి 11 లక్షల లోన్‌తో ఎలక్ట్రిక్ కారు, 6 లక్షల పర్సనల్ లోన్‌తో సోలార్, ఇథనాల్ కంపెనీల షేర్లు, మా ఆవిడ నగల మీద 2 లక్షలు తెచ్చి ఖమ్మంలో అమ్మానాన్నల ఇంటిపై 3 కిలోవాట్ల సోలార్. షేర్లలో వచ్చే లాభంతో ఈఎంఐలు కట్టేయొచ్చు. నాన్నకు 67, షుగరుంది, స్టెంట్ వేశారు. ముందు ఏ లోన్ తీసుకోమంటారు?

జవాబు: ఏదీ తీసుకోవద్దు.

మీ ఆలోచన వెనక ఉన్న ఉద్దేశం మంచిది, ఆ విషయంలో మీతో నాకు పేచీ లేదు. వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి నుంచి తెచ్చుకునే దేశం మనది. ఎక్కడో యుద్ధం మొదలైతే ఇక్కడ కూరగాయల లారీ కిరాయి పెరుగుతుంది. అది తగ్గాలి, తగ్గుతుంది కూడా. కానీ దేశానికి మంచిది కాబట్టి అప్పు చేసి అందులో దిగితే మన ఇంటికీ మంచే జరుగుతుందనుకోవడం, ఈ మధ్య నాకు వస్తున్న ఉత్తరాల్లో తరచుగా కనిపిస్తున్న పొరపాటు. అందుకే మీ ప్రశ్న తీసుకున్నాను. దేశం ముప్పై నలభై ఏళ్ల లెక్క వేసుకోగలదు, మధ్యలో పదేళ్లు నష్టమొచ్చినా తట్టుకుంటుంది. మీకు ప్రతి నెలా 5వ తేదీన ఈఎంఐ కట్ అవుతుంది.

ముందు మీరు వేయని లెక్క ఒకటి వేద్దాం. ఇప్పుడు మీకు నెలకు మిగిలేది 18 వేలు. కారు లోన్ తొమ్మిదిన్నర శాతం వడ్డీకి ఏడేళ్లకు తీసుకుంటే ఈఎంఐ దాదాపు 18 వేలు, పర్సనల్ లోన్ 14 శాతానికి అయిదేళ్లకైతే దగ్గర దగ్గర 14 వేలు, గోల్డ్ లోన్‌కు అసలు పక్కన పెట్టినా వడ్డీయే 1,600 దాకా ఉంటుంది. మొత్తం 33,600. పెట్రోలు మిగులుతుంది కదా అంటారు. మిగులుతుంది, రోజుకు 50 కిలోమీటర్లు తిరిగినా చార్జింగ్ ఖర్చు పోను నెలకు ఓ 7,500 మిగులుతుందనుకోండి. అది కూడా కలిపితే మీ చేతిలో ఉండేది 25,500. అంటే ఇంట్లో ఎవరికీ జ్వరం కూడా రాని నెలలో మీకు 8 వేలు లోటు. ఆ లోటును షేర్ల లాభంతో పూడుస్తానంటున్నారు. షేర్ల లాభం నెల జీతంలా రాదండీ. వచ్చినా ఏడాది లోపు అమ్మితే 20 శాతం పన్ను పోతుంది, పర్సనల్ లోన్‌కు 6 లక్షలు తీసుకుని మొత్తం 8 లక్షల 38 వేలు కడతారు, వీటన్నిటినీ దాటి పైన మిగలాలి. పైగా చాలా బ్యాంకుల పర్సనల్ లోన్ ఒప్పందంలోనే ఆ డబ్బు షేర్లలో పెట్టకూడదని రాసి ఉంటుంది. సంతకం పెట్టేముందు ఆ పేజీ చదివేవాళ్లు తక్కువ.

"రంగం పెరుగుతుందని ఖాయంగా తెలిసినప్పుడు రిస్కేముంది" అని మీరు అడగొచ్చు. బ్రెజిల్ సంగతి చూడండి. 1973లో చమురు ధరలు ఒక్కసారిగా ఎగబాకాక ఆ దేశం గట్టిగా దెబ్బతింది. 1975లో చెరకు నుంచి తీసే ఇథనాల్‌తో బండ్లు నడిపే పెద్ద పథకం పెట్టుకుంది. ప్రభుత్వం రాయితీలిచ్చింది, కంపెనీలు ఇథనాల్‌తో మాత్రమే నడిచే కార్లు తెచ్చాయి, ఎనభైల మధ్యకల్లా అక్కడ అమ్ముడయ్యే కొత్త కార్లలో 90 శాతానికి పైగా అవే. 1986లో చమురు ధర కుప్పకూలింది. రాయితీలు సన్నగిల్లాయి, చక్కెరకు మంచి ధర వస్తుంటే మిల్లులు అటు తిరిగాయి, 1989 చివరికి బంకుల్లో ఇథనాల్ దొరక్క జనం క్యూల్లో నిలబడ్డారు. ఆ కార్లు కొనేవాళ్లే కరవయ్యారు. 2003లో పెట్రోలుతోనూ ఇథనాల్‌తోనూ నడిచే ఫ్లెక్స్ ఫ్యూయెల్ కార్లు వచ్చాక గానీ మళ్లీ నమ్మకం కుదరలేదు. ఇవాళ చూస్తే బ్రెజిల్ చేసింది సరైన పనే, ఆ దేశం గెలిచింది. కానీ 1988లో వాయిదాల మీద ఇథనాల్ కారు కొన్న మనిషికి 2003లో వచ్చిన గెలుపుతో పనేముంది?

మన దగ్గరా అంతే. 2008 మొదట్లో గాలిమరలు తయారుచేసే సుజ్లాన్ కంపెనీ షేరు అంటే జనం ఎగబడి కొన్నారు, గాలిమరలదే భవిష్యత్తన్నారు. ఆ మాట అబద్ధం కాలేదు, 2020 నాటికి దేశంలో పవన విద్యుత్ సామర్థ్యం నాలుగు రెట్లకు పైగా పెరిగింది. కానీ ఆ కంపెనీ విపరీతంగా అప్పులు చేసి 2012 అక్టోబరులో విదేశీ బాండ్ల సొమ్ము తిరిగి చెల్లించలేకపోయింది, 2020 మార్చికి షేరు రెండు మూడు రూపాయలకు పడింది. తర్వాత మళ్లీ లేచింది కూడా, అయితే అప్పు తెచ్చి కొన్నవాళ్లు అంతకాలం ఆగలేరు కదా. రంగం గెలవడం, అందులో ఒక కంపెనీ గెలవడం, మీ అప్పు తీరేలోపు గెలవడం, ఈ మూడూ వేర్వేరు. ఇథనాల్ షేర్లయితే ఇంకా కష్టం. పెట్రోలులో 20 శాతం కలపాలన్న లక్ష్యాన్ని 2030 నుంచి ముందుకు జరిపి 2025కే చేరుకున్నాం, చాలా పెద్ద విషయం, ఒప్పుకుంటాను. కానీ కొనేవి ప్రధానంగా ఆయిల్ కంపెనీలు, ధరల మీద పట్టు ప్రభుత్వానిది. 2023లో వానలు తగ్గి చక్కెర కొరత వస్తుందన్న భయంతో డిసెంబరు 7న చెరకు రసం నుంచి ఇథనాల్ తీయొద్దని కేంద్రం ఆదేశమిచ్చింది, వెంటనే చక్కెర కంపెనీల షేర్లు పడ్డాయి. ఆ తర్వాత సడలించారు, 2024 ఆగస్టులో పూర్తిగా ఎత్తేశారు. ఆ ఎనిమిది నెలలూ 14 శాతం వడ్డీ మీద టెన్షన్ పడుతూ కూర్చునే ఓపిక ఏ ఉద్యోగికీ ఉండదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. చమురు గురించి ఇంత చదివారు కదా, దేశాలు చమురు షాక్ నుంచి ముందుగా ఏం నేర్చుకున్నాయో కూడా చూడాల్సింది. 1973 దెబ్బ తర్వాత సంపన్న దేశాలు 1974లో అంతర్జాతీయ ఇంధన సంస్థను పెట్టుకున్నాయి. అందులో సభ్యత్వానికి ఉన్న ప్రధాన షరతు, 90 రోజుల నికర దిగుమతులకు సమానమైన చమురు నిల్వ ఉండాలి. ప్రత్యామ్నాయ ఇంధనాలు, పరిశోధనలు అన్నీ ఉన్నాయి, కానీ నిల్వ మాత్రం తప్పనిసరి చేశారు. మనమూ విశాఖపట్నం, మంగళూరు, పాదూరుల్లో భూగర్భంలో రాతి గుహలు తొలిచి 53.3 లక్షల టన్నుల ముడిచమురు దాచుకునే ఏర్పాటు చేసుకున్నాం. అందులో విశాఖది 13.3 లక్షల టన్నులు. అవన్నీ నిండుగా ఉంటే దేశానికి తొమ్మిది రోజుల పైచిలుకు సరిపోతుంది, ఆయిల్ కంపెనీల దగ్గర ఉండే నిల్వలు వేరే. చమురు నుంచి బయటపడాలని గట్టిగా అనుకుంటున్న దేశమే దారిలో ఆగిపోకుండా ఉండటానికి చమురు దాచుకుంటోంది. 2020 ఏప్రిల్‌లో కరోనాతో ప్రపంచమంతా ధరలు పాతాళానికి పోయినప్పుడు ఈ గుహలు ఉన్నాయి కాబట్టే చవగ్గా కొని నింపుకోగలిగాం. నిల్వ ఆపదలో కాపాడటమే కాదు, అవకాశం వచ్చినప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉంచుతుంది.

మరి మీ నిల్వ ఎంత? 34 వేల ఈఎంఐ, 40 వేల ఖర్చు కలిపి మీ ఇల్లు నడవడానికి నెలకు 74 వేలు కావాలి. ఉన్నది 2 లక్షల 20 వేలు. మూడు నెలలకు కూడా కాస్త తక్కువే. ప్రైవేటు ఉద్యోగం, ఒక్క జీతం, ఇద్దరు పెద్దవాళ్ల బాధ్యత, అందులో ఒకరికి గుండె జబ్బు. ఉద్యోగం పోతే మీ వయసులో, మీ జీతానికి తగ్గది దొరకడానికి నాలుగైదు నెలలు పట్టడం మామూలే. ఆ నెలల్లో మీరు ఏం చేస్తారో నేను చెప్పగలను, ఎందుకంటే అందరూ అదే చేస్తారు: క్రెడిట్ కార్డు గీకుతారు, పడిపోయి ఉన్న షేర్లు అమ్ముతారు, ఆఖరికి తాకట్టులో ఉన్న నగలు వేలానికి వస్తాయి. మీ ప్లాన్‌లో నాకు బాగా కోపం తెప్పించింది ఆ నగల ముక్కే. ఇంట్లో ఉన్న చివరి ఆసరాను నాన్నగారి ఇంటి కరెంటు బిల్లు కోసం తాకట్టు పెడతారా!

కాబట్టి మొదటి పని అత్యవసర నిధి. ఆరు నెలలకు 4 లక్షల 44 వేలు కావాలి, ఇంకా 2 లక్షల 24 వేలు తక్కువున్నాయి. మిగిలే 18 వేలలో 15 వేలు దీనికే వేయండి, పదిహేను నెలల్లో నిండుతుంది. బోనస్ వస్తే ఇంకా ముందే. ఈ డబ్బు ఎఫ్‌డీ లేదా లిక్విడ్ ఫండ్‌లో (అవసరమైనప్పుడు త్వరగా వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్) ఉండాలి, మీ ఆవిడ కూడా తీయగలిగేలా ఉండాలి, మీరు ఆస్పత్రి మంచం మీద ఉండి ఓటీపీ చెప్పలేని పరిస్థితి కూడా ఆలోచించుకోవాలి. మిగతా 3 వేలు టర్మ్ పాలసీకి, అంటే మీకేదైనా జరిగితే ఇంటివాళ్లకు డబ్బు అందే జీవిత బీమాకు. 31 లక్షల హోం లోన్ ఉండి సొంత టర్మ్ పాలసీ లేకపోవడం ఒక్క రోజు కూడా సరికాదు, ఆఫీసు పాలసీ ఉద్యోగంతో పాటే పోతుంది. కనీసం కోటి తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీలపై జీఎస్టీ లేదు.

మీరు చేయాలనుకున్న మూడింటి గురించీ క్లుప్తంగా చెబుతాను. ఎలక్ట్రిక్ కారు ఇప్పుడొద్దు. నెలకు 7,500 మిగుల్చుకోవడానికి 18 వేలు కట్టడం పొదుపు కాదు. తెలంగాణలో 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు ట్యాక్స్ మినహాయింపు ఉందని కంగారు పడొద్దు, మినహాయింపు కోసం అప్పు చేస్తే మిగిలింది వడ్డీకి పోతుంది. ఇంకా కొన్ని పాత వ్యాసాల్లో ఎలక్ట్రిక్ కారు లోన్ వడ్డీ మీద లక్షన్నర పన్ను మినహాయింపు అని కనిపిస్తుంది, అది 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే. కారు బాగానే నడుస్తుంటే నడపండి, వారంలో రెండు రోజులు మెట్రోలో వెళ్లినా పెట్రోలు తగ్గుతుంది. షేర్ల మీద అంత నమ్మకముంటే నిధి నిండాక జీతంలోంచి నెలకు కొంత ఇండెక్స్ ఫండ్‌లో (మార్కెట్ సూచీలోని కంపెనీలన్నిటిలో కొంచెం కొంచెం పెట్టే ఫండ్) వేయండి, పెద్ద విద్యుత్, ఇంధన కంపెనీలు అందులోనే ఉంటాయి.

ఖమ్మం ఇంటి సోలార్ ఒక్కటే నాకు నచ్చింది, అది కూడా మీరనుకున్న పద్ధతిలో కాదు. నాన్నగారి కరెంటు బిల్లు మామూలు ఇంటి బిల్లే అయితే 3 కిలోవాట్లు అక్కర్లేదు, 2 సరిపోతుంది. ఇళ్ల మీద సోలార్‌కు కేంద్రం పెట్టిన పీఎం సూర్యఘర్ పథకం కింద 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లకు 78 వేలు సబ్సిడీ వస్తుంది. మిగతా దానికి అదే పథకం కింద జాతీయ బ్యాంకులు తాకట్టు లేకుండా తక్కువ వడ్డీకి లోన్ ఇస్తున్నాయి, నగలతో పనిలేదు. అదైనా నిధి నిండాకే. ఇంకో మాట, పైకప్పు మీద సోలార్ పెడితే ముఖ్యంగా తగ్గేది బొగ్గు, చమురు కాదు. మన కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే, చమురు ఎక్కువగా పోయేది డీజిలు, పెట్రోలుగా బండ్లలోకి. రైల్వే బ్రాడ్‌గేజ్ లైన్లన్నీ దాదాపు విద్యుదీకరణ కావడం, సిటీ బస్సులు ఎలక్ట్రిక్‌కు మారడం లాంటి వాటితో డీజిలు పెద్ద ఎత్తున తగ్గుతుంది. ఆ భారం మీ జీతం మీద వేసుకోవాల్సిన అవసరం లేదు, మీరు రెండేళ్లు ఆలస్యంగా చేరినా దేశం ప్రయాణం ఆగదు.

ఈ వారంలో చేయాల్సింది ఒకటుంది. నాన్నగారికి విడిగా సీనియర్ సిటిజన్ ఆరోగ్య పాలసీ తీసుకోండి. 70 దాటాక ఉచిత వైద్యానికి కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ కార్డు వస్తుందని మూడేళ్లు ఆగొద్దు. ముందు నుంచే ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (వాటికి క్లెయిమ్ ఇవ్వని కాలం) గరిష్ఠంగా మూడేళ్లు, పాలసీ తీసుకున్న రోజు నుంచే అది లెక్కకు వస్తుంది. ప్రీమియం కాస్త ఎక్కువే ఉంటుంది, నిధికి వేసే 15 వేలలోంచే తీయండి, నిధి మూడు నాలుగు నెలలు ఆలస్యమైనా ఫర్వాలేదు. ఫారం నింపేటప్పుడు ఆయన డిశ్చార్జ్ సమ్మరీ పక్కన పెట్టుకుని షుగర్ ఎప్పటి నుంచి ఉందో, స్టెంట్ ఏ నెలలో వేశారో ఉన్నది ఉన్నట్టు రాయండి. ఏజెంటు "అది రాయక్కర్లేదు సార్" అన్నా సరే రాయండి, దాచినట్టు తేలితే క్లెయిమ్ తిరస్కరిస్తారు.