ముందుగా ఒక శనివారం రాత్రి

చిరంజీవి మేనకోడలికి,

అత్త ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎనిమిది మంది స్నేహితులు, 5 రోజులు, రోజుకు సుమారు 70 కిలోమీటర్లు, రాత్రిళ్లు గుడారాల్లో పడక, పోగయ్యే డబ్బంతా పిల్లల వైద్యానికి. నాకు ఇలాంటి ప్రయాణాలు చేయాలనే ఆలోచన నలభై దాటాక గానీ రాలేదు. నీకు ఇప్పుడే వచ్చినందుకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

ఏ సైకిల్ కొనమంటావు అని అడిగావు. ఏదీ కొనవద్దు. నీ దగ్గరున్నది నీ ఒంటికి సరిపోయేదైతే, గేర్లూ బ్రేకులూ సరిగ్గా ఉంటే, దానినే బాగు చేయించుకో. కొత్త సైకిల్‌కు శరీరం అలవాటు పడడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ అలవాటు నీకు పాత సైకిల్ మీద ఇప్పటికే ఉంది. ఆ డబ్బుతో మంచి టైర్లు రెండు వేయించుకో, ఇంకా మిగులుతుంది.

నువ్వు అడగని విషయం ఒకటి ఉంది. ఈ ఉత్తరంలో మిగతాదంతా మరిచిపోయినా అది గుర్తుంచుకో. బయలుదేరడానికి మూడు వారాల ముందు ఒక శనివారం, ప్రయాణంలో మోయబోయే సామానంతా సైకిల్‌కు కట్టుకుని నలభై యాభై కిలోమీటర్లు తొక్కు. సాయంత్రం గుడారం వేసుకుని అందులోనే పడుకో. ఆదివారం పొద్దున్న గుడారం మడిచి, అదే సామానుతో తిరిగి రా. రెండో రోజు తిరిగి రావడమే ముఖ్యం. ఒక్క రోజు ఎవరైనా తొక్కగలరు. సరిగ్గా నిద్రపోని శరీరంతో, నిన్నటి నొప్పులతో మళ్లీ సీటు ఎక్కినప్పుడు ఎలా ఉంటుందో ఇంట్లో కూర్చుని ఊహించలేం.

నా మొదటి ప్రయాణంలో నేను ఈ పని చేయలేదు. అప్పు తెచ్చుకున్న గుడారాన్ని మొదటిసారి విప్పింది చీకటి పడుతుండగా, సన్నటి వానలో. కడ్డీ ఒకటి అతుకు దగ్గర పగిలి ఉంది. ఇద్దరికి సరిపోయే మరో గుడారంలో నలుగురం కూర్చుని తెల్లవార్చాం. మర్నాడు మాలో ఒకామె తూలుతూ వెళ్లి రోడ్డు పక్క కంకర మీద పడింది. చేతి ఎముక చిట్లింది. ఆమె పడింది నిద్ర చాలక. పగిలిన ఆ కడ్డీని ఇంటి దగ్గరే చూసి ఉంటే ఆమె ఐదో రోజు దాకా మాతోనే ఉండేది. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

నీ శనివారం రాత్రి బయటపడేవన్నీ అలాంటి చిన్న సంగతులే. పెడల్ తొక్కుతుంటే మడమ వెనక సంచికి తగులుతుంది. క్యారియర్ బోల్టు వదులవుతుంది. తలకు కట్టుకునే దీపం సంచి అడుగున ఎక్కడో ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి నేల చల్లదనం నడుముకు పాకుతుంది. ఇంటికి రాగానే కాగితం మీద రెండు వరుసలు రాయి: అసలు ముట్టుకోని వస్తువులు, లేనందువల్ల ఇబ్బంది పడిన వస్తువులు. మొదటి వరుసలో మందులు, పంక్చర్ సామాను, వాన కోటు తప్ప మిగిలినవన్నీ ఇంట్లో వదిలేయి.

ఇక శరీరం సంగతి. ముందు సీటు ఎత్తు చూసుకో. సీటు మీద కూర్చుని, పెడల్ కింది భాగంలో ఉన్నప్పుడు మడమను దాని మీద పెడితే కాలు నిటారుగా చాచుకోవాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడల్ మీదకు వస్తుంది కాబట్టి మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. ఆ వంపు చాలు. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి ముందు భాగం నొప్పి పెడుతుంది, మరీ పైకి ఉంటే మోకాలి వెనక లాగుతుంది. ఎక్కడ నొప్పి పుడుతుందో గమనిస్తే ఏ వైపు సరిచేయాలో తెలుస్తుంది. ఒకేసారి అంగుళం మార్చకు. అరసెంటీమీటరు మార్చి, రెండు రోజులు తొక్కి చూడు. గట్టి గేరు వేసి బలంగా తొక్కడం వీరత్వమని నీ స్నేహితులెవరైనా అంటే వినకు. తేలిక గేరులో కాళ్లు నిమిషానికి 80 సార్లకు అటూ ఇటూ తిరుగుతుంటే మోకాళ్లు ఐదు రోజులూ నిలుస్తాయి.

మనం ఆడవాళ్లం కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను. మెత్త కుట్టిన సైక్లింగ్ షార్ట్స్ కనీసం రెండు జతలు కొనుక్కో. వాటి లోపల మరో లోదుస్తు వేసుకోకూడదు. చెమట పట్టిన కుట్లు చర్మాన్ని ఒరుస్తాయి, ఆ ఒరుపే మూడో రోజుకు పుండవుతుంది. ప్రయాణాలు మధ్యలో ఆగిపోవడానికి కొండల కంటే ఈ పుండే ఎక్కువసార్లు కారణమవడం చూశాను. విడిదికి చేరగానే షార్ట్స్ మార్చేసి, ఒళ్లు కడుక్కుని, పొడిగా తుడుచుకుని వదులు బట్టలు వేసుకో. విప్పినది వెంటనే ఉతికి ఆరేయి. మర్నాడు పొద్దున్నకు ఆరకపోతే సంచి పైన కట్టుకుని వెళ్లు, దారిలో ఆరుతుంది. ఎర్రబడిన చోట క్రీము ముందే రాయాలి, పుండయ్యాక రాసి లాభం లేదు. నెలసరి తేదీ ప్రయాణంలో పడకపోయినా దానికి కావలసినవి సంచిలో పెట్టుకో. ఒంటికి శ్రమ మారినప్పుడు తేదీలూ మారవచ్చు.

సాధనకు నీకు ఎనిమిది వారాలున్నాయి, అవి చాలు. వారానికి మూడు సార్లు తొక్కు. దూరాన్ని వారం వారం పదో వంతు మాత్రమే పెంచు. నాలుగో వారం నుంచి శని, ఆది రెండు రోజులూ వరుసగా తొక్కు. ఆఖరి వారం తగ్గించెయ్యి, కాళ్లు తేరుకోవాలి. చేతివేళ్లు తిమ్మిరెక్కుతుంటే హ్యాండిల్ మీద అరచేయి ఒకేచోట ఒత్తుకుంటోందని అర్థం. పట్టు తరచూ మార్చు, మెత్తటి గ్లౌజులు వాడు.

సామానుతో తొక్కేటప్పుడు గంటకు 15 కిలోమీటర్లే లెక్క వేసుకో. 70 కిలోమీటర్లంటే ఐదు గంటలకు కాస్త తక్కువ. ఆగడం, తినడం, పంక్చర్లు, దారి తప్పడం కలిపితే ఏడెనిమిది గంటలు. ఎదురుగాలి ఉన్న రోజు ఈ లెక్క కూడా నిలవదు, ఎందుకంటే గాలి నిరోధం వేగానికి వర్గంలో పెరుగుతుంది, అంటే మన వేగమూ ఎదురుగాలి వేగమూ కలిపి ఒంటికి తగిలే గాలి వేగం రెట్టింపైతే నిరోధం నాలుగు రెట్లు. అలాంటి రోజు పంతానికి పోకుండా గేరు తగ్గించి, వరుసగా ఒకరి వెనక ఒకరు నడపండి. ముందున్నవారు కొంతసేపటికి వెనక్కి రావాలి. సామాను బరువున్న సైకిల్ ఆగడానికి ఎక్కువ దూరం కావాలి కాబట్టి మరీ అంటుకుని నడపకండి. గుంపు వేగం ఎప్పుడూ అందరికంటే నెమ్మదిగా తొక్కే మనిషి వేగమే. ఈ మాట బయలుదేరక ముందే ఎనిమిది మందీ ఒప్పుకోవాలి. దారిలో ఒప్పించడం కష్టం.

ఆకలి వేయక ముందే తినాలి, దాహం ముదరక ముందే తాగాలి. గంటకు పైగా తొక్కేటప్పుడు గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అవసరమవుతుంది. ఒక మధ్యరకం అరటిపండులో ఉండేది సుమారు 25 గ్రాములు. అంటే గంటకు ఒకటీ రెండూ పండ్లు, లేదా దానికి సమానమైనది, కొద్దికొద్దిగా తింటూ పోవాలి. మధ్యాహ్నం దాకా ఏమీ తినకుండా తొక్కి ఒక్కసారి కడుపు నింపుకుంటే, ఆ తర్వాతి గంట కాళ్లు కదలవు. నీళ్లు ఎండను బట్టి గంటకు అరలీటరు నుంచి ముప్పావు లీటరు దాకా. బాగా చెమట పట్టే రోజు ఉప్పు కూడా లోపలికి వెళ్లాలి. ఉత్త నీళ్లే అదే పనిగా తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది, అది నీరు చాలకపోవడం కంటే తక్కువ ప్రమాదమేమీ కాదు. మూత్రం లేత పసుపులో ఉంటే సరిగ్గా తాగుతున్నట్టే.

సైకిల్‌ను మెకానిక్‌కు చూపించేది బయలుదేరే ముందు రోజు కాదు, రెండు మూడు వారాల ముందు, వీలైతే ఆ శనివారానికి ముందే. కొత్తగా వేసిన కేబుళ్లు కొన్నాళ్లకు కొద్దిగా వదులవుతాయి, వాటిని మరోసారి బిగించుకునే సమయం ఉండాలి. చైను ఎంత అరిగిందో కొలిపించు, బ్రేకు ప్యాడ్లు చూపించు.

పంక్చర్ మాత్రం నువ్వే వేయగలగాలి. ఇంట్లో మూడుసార్లు వేసి చూడు, అందులో రెండుసార్లు వెనక చక్రానికి, ఎందుకంటే చైను ఉన్న ఆ చక్రం తీసి పెట్టడమే చేయి తిరగాల్సిన పని. ట్యూబు మార్చే ముందు టైరు లోపలి వైపు గుడ్డతో నెమ్మదిగా తడిమి చూడు. ముల్లు అక్కడే ఉండిపోతే కొత్త ట్యూబు కూడా పది నిమిషాల్లో పోతుంది. ప్యాచ్ వేసేటప్పుడు ట్యూబును గీకి, జిగురు రాసి, దాని మెరుపు పోయేదాకా ఆగాలి. అందరూ తొందరపడేది ఇక్కడే, తడి జిగురు మీద అంటించి ఊడిపోయిందని బాధపడతారు. నీ ట్యూబు వాల్వు సన్నదా లావుదా చూసుకుని, పంపు దానికి సరిపోతుందో లేదో ఇంట్లోనే పరీక్షించు. రెండు ట్యూబులు, ప్యాచ్‌లు, టైరు ఊడదీసే లీవర్లు, ఆరు మూలల గుంట ఉన్న బోల్టులు తిప్పే అలెన్ కీలు, చైను తెగితే కలిపే లింకు ఉంటే చాలు. సైకిల్‌ను వాహనంలో వేయడానికి పెడళ్లు విప్పాల్సి వస్తే ఎడమ పెడల్ మర ఉల్టాగా ఉంటుందని గుర్తుంచుకో. బలవంతంగా తిప్పి మర పాడుచేసుకున్న వాళ్లను చూశాను.

బరువైనవి కిందికి, రెండు పక్కలా సమానంగా కట్టు. వీపు మీద ఏదీ మోయకు. పడుకునేటప్పుడు వేసుకునే బట్టలు, స్లీపింగ్ బ్యాగు తడవని కవరులో విడిగా ఉండాలి. వాటిని పగలు ఎంత చలేసినా తీయకూడదు. వానలో మొత్తం తడిసినా ఆ ఒక్క పొడి జత ఉంటే రాత్రి గడుస్తుంది. దిగుడు దారిలో వేగం పెరగక ముందే బ్రేకు వెయ్యి, మలుపు లోపల కాదు, మలుపుకు ముందే.

విడిదికి చీకటి పడడానికి గంట ముందే చేరాలి. చేరగానే ముందు గుడారం, తర్వాతే మిగతా పనులు. పల్లపు చోటు వద్దు, వాన నీరూ చల్లగాలీ అక్కడికే దిగుతాయి. ఎండిపోయినట్టు కనిపించే వాగు ఇసుక మీద అసలే వద్దు, ఎగువన పడిన వాన రాత్రికి రాత్రి కిందికి వస్తుంది. ఎండు కొమ్మలున్న చెట్టు కింద పడుకోకండి. వెనక భాగం గాలి వైపు, గుమ్మం గాలి రాని వైపు ఉండాలి. గాలి ఆడే కిటికీ కొద్దిగా తెరిచే ఉంచు, లేకపోతే మీ ఊపిరి తేమే తెల్లవారేసరికి మీ మీద చినుకులుగా పడుతుంది. చలి ఎక్కువగా కింది నుంచే వస్తుంది కాబట్టి మందమైన దుప్పటి కంటే మంచి పరుపు చాప అవసరం. స్టవ్ ఎట్టి పరిస్థితిలోనూ గుడారం లోపల వెలిగించకండి. వాన పడుతున్నా, చలిగా ఉన్నా వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇది ఎనిమిది మందికీ నా మాటగా చెప్పు.

డబ్బు సంగతి నాకు అన్నిటికంటే ముఖ్యం. మీ తిండి, టైర్లు, బస ఖర్చు మీ జేబుల్లోంచే పెట్టుకోండి. కుదరకపోతే విరాళంలో ఎంత భాగం ఖర్చుకు పోతుందో ఇచ్చేవాళ్లకు ముందే స్పష్టంగా చెప్పండి. మీరు డబ్బు పోగుచేయబోయే సంస్థతో ముందుగా మాట్లాడి, వాళ్ల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. వీలైనంత వరకు దాతలు నేరుగా ఆ సంస్థకే పంపేలా చూడండి. చేతికి వచ్చిన నగదును ఇద్దరు కలిసి లెక్కపెట్టాలి, ఇద్దరూ సంతకం చేయాలి. తిరిగొచ్చిన వారంలోగా మొత్తం ఎంత వచ్చిందో, ఎప్పుడు జమ చేశారో, పది రూపాయలిచ్చిన మనిషికి కూడా తెలియజేయండి. మిమ్మల్ని ఎవరూ అనుమానించరని నాకు తెలుసు. అయినా పక్కవాళ్ల డబ్బు మన చేతుల మీదుగా వెళ్తున్నప్పుడు, అడగక ముందే చూపించడం మన బాధ్యత.

దానికి ముడిపడిన ఇంకో మాట. నాలుగో రోజు మోకాలు నొప్పి మొదలై, అంతమంది డబ్బిచ్చారు కదా అని పళ్లు బిగబట్టి తొక్కాలనిపిస్తుంది. నేను అలాగే తొక్కాను. ఆ తర్వాత మూడు నెలలు మెట్లెక్కలేకపోయాను. నేను దిగి వాహనంలో కూర్చుని ఉంటే దాతల్లో ఒక్కరైనా డబ్బు వెనక్కి అడిగేవారా? వాళ్లు ఇచ్చింది ఆ పిల్లలకు. నొప్పి పదునుగా ఉంటే, తల తిరుగుతుంటే, ఎండలో చెమట ఆగిపోతే వెంటనే ఆగు, అందరికీ చెప్పు. ఎవరు ఆగినా ఎవరూ ప్రశ్నించకూడదని కూడా ముందే అనుకోండి. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్లు దాటిందేమో ఈ వారంలోనే చూసుకో. అత్యవసర నంబర్లు ఫోనులోనే కాదు, కాగితం మీద కూడా రాసి జేబులో పెట్టుకో.

ఆ శనివారం ఏ తేదీనో ఖాయం చేసి నాకు ఫోను చెయ్యి. నా గుడారం నిన్ననే బయటకు తీసి ఎండలో వేశాను. కడ్డీలన్నీ ఒక్కొక్కటే చూశాను, బాగున్నాయి. నీ స్నేహితుల్లో ఎవరికైనా గుడారం లేకపోతే ఇది వాడుకోవచ్చు. అందరికీ ఉంటే ఆ రాత్రి నేనే దీన్ని సైకిల్ మీద కట్టుకుని మీతో వస్తాను.

నీ అత్త